కైలాసగిరిని పిల్లలకు మాయాలోకం చేయడం ఎలా? విశాఖలో కుటుంబంతో ఒక రోజు

“పిల్లలతో విశాఖ వస్తున్నాం. ఉదయం జూ, మధ్యాహ్నం సబ్‌మెరైన్ మ్యూజియం, సాయంత్రం కైలాసగిరి. ఒక్కరోజులో అవుతుందా?” సెలవులు దగ్గరపడితే చాలు, ఈ ప్రశ్న మొదలవుతుంది. అవుతుంది. కారు మూడుచోట్లా ఆగుతుంది, ఫొటోలూ వస్తాయి. పిల్లలకు మాత్రం క్యూలు, కారు సీటు, “త్వరగా పదండి” అన్న మాట తప్ప ఏమీ గుర్తుండదు.

రెండో ప్రశ్న ఇంకా ఎక్కువగా వస్తుంది: రాజులు, మాంత్రికులు, ఎగిరే రథాలు ఉండే థీమ్ పార్కులాంటిది మన దగ్గర ఎక్కడుంది? కైలాసగిరే అంటాను. బీచ్ రోడ్డు పక్కనే సుమారు 380 ఎకరాల కొండ. పైన తెల్లటి భారీ శివపార్వతుల విగ్రహాలు, కొండను చుట్టివచ్చే బొమ్మ రైలు, గాలిలో తీగ మీద కదిలే రోప్‌వే పెట్టెలు, కింద కనుచూపు మేర సముద్రం. కథకు కావలసిన సామగ్రి అంతా సిద్ధంగా ఉంది. లేనిదల్లా కథ. దాన్ని మీరు ఇంటి నుంచి పట్టుకెళ్లాలి. ఎలాగో వరుసగా చెబుతాను.

ముందుగా కావలసినవి

- మనిషికి కనీసం ఒక లీటరు నీళ్లు. ఎండాకాలమైతే దానికి రెట్టింపు
- ఓఆర్ఎస్ పొట్లాలు రెండు, ఖాళీ లీటరు సీసా ఒకటి
- టోపీలు, పలచటి నూలు బట్టలు, పట్టు ఉన్న చెప్పులు లేదా బూట్లు (కొత్తవి వద్దు)
- పెద్దల రోజువారీ మాత్రలు, పిల్లలకు ఒక జత మార్పు బట్టలు
- పాత దుప్పటి లేదా చాప, చెత్త వేయడానికి సంచి
- చిన్న నోట్లు. రద్దీ రోజుల్లో నెట్‌వర్క్ నెమ్మదిస్తే యూపీఐ మీద ఆధారపడి కౌంటరు ముందు నిలబడలేరు
- బాల్‌పెన్, నాలుగు కాగితాలు, మడిచిన ఒక పెద్ద కవరు. ఇవి కథకు
- చిన్న టార్చి

మడత కుర్చీలు, పెద్ద కూలరు డబ్బా, క్రికెట్ కిట్టు ఇంట్లోనే వదిలేయండి. మోసేవాళ్లకు రోజంతా మోతే మిగులుతుంది.

1. తేదీని క్యాలెండరులో తిథి చూసి పెట్టుకోండి

విశాఖలో సూర్యుడు సముద్రంలోంచి ఉదయిస్తాడు, నగరం వెనక కొండలవైపు అస్తమిస్తాడు. సముద్రంలో సూర్యాస్తమయం చూద్దామని సాయంత్రం కొండెక్కి, తీరా సూర్యుడు వీపు వెనక దిగిపోతుంటే తెల్లబోయేవాళ్లు తక్కువేమీ కాదు. కానీ తూర్పు సముద్రానికి ఇంకో వరం ఉంది. పౌర్ణమి నాడు దాదాపు సూర్యుడు అస్తమించే వేళకే చంద్రుడు నీళ్లలోంచి పైకి వస్తాడు. మాయాలోకపు కథకు ఇంతకంటే మంచి ముగింపు డబ్బు పెట్టినా దొరకదు.

చిన్నపిల్లలుంటే పౌర్ణమికి ముందురోజు, అంటే చతుర్దశి మేలు. చంద్రుడు సుమారు 50 నిమిషాలు ముందే వస్తాడు. వెలుతురులో కొంచెం పాలిపోయి కనిపించినా, చీకటి పడేలోపు కిందికి దిగిపోవచ్చు. పౌర్ణమి మర్నాడు చంద్రుడు అంతే ఆలస్యంగా, చీకట్లో, ఎర్రగా వస్తాడు. అందం ఎక్కువే, కానీ నాలుగేళ్లవాడు అప్పటికి మీ భుజం మీద నిద్రపోతుంటాడు.

నెలల విషయం: డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఉత్తమం. ఏప్రిల్, మే నెలల్లో వెళ్లక తప్పకపోతే మధ్యాహ్నం మూడున్నర తర్వాతే కొండెక్కండి. సముద్రపు గాలి ఉంది కదా అని తేలిగ్గా తీసుకోవద్దు, ఇక్కడి ఉక్కపోతలో చెమట ఆరదు. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న వచ్చిన హుద్‌హుద్ ఈ కొండ మీది పచ్చదనాన్ని ఎంతగా దెబ్బతీసిందో విశాఖవాసులకు తెలుసు. వాయుగుండం హెచ్చరిక ఉంటే మరో ఆలోచన లేకుండా వాయిదా వేయండి.

కార్తీకమాసం ఆదివారాలు, జనవరి 1, సంక్రాంతి సెలవులు వద్దు. ఆ రోజుల్లో చూసేది కొండను కాదు, ముందున్నవాళ్ల వీపులను. వీలైతే మామూలు వారపు రోజు చూసుకోండి.

2. ఎవరి కాళ్లను బట్టి నడవాలో తేల్చుకోండి

మీ బృందంలో అందరికంటే చిన్నవాళ్లు, అందరికంటే పెద్దవాళ్లు ఎవరు? పథకం వాళ్లిద్దరిది. మిగతావాళ్లంతా సర్దుకోగలరు. అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులుంటే కింద నుంచి మెట్ల మార్గం మాటే ఎత్తవద్దు. తాతయ్యకు మధ్యాహ్నం కునుకు అలవాటైతే ఆ గంటను లెక్కలో వేయండి, దాన్ని మిగిలించే ప్రయత్నం చేయకండి. రెండేళ్లలోపు బిడ్డ ఉంటే రోజంతా అనుకోకుండా, మధ్యాహ్నం నుంచి సాయంత్రం వరకే పెట్టుకోండి.

సరిచూసుకోవడం తేలిక: మీ పథకం కాగితం మీద రాసి, అందులోంచి ఒక అంశం తీసేయండి. ఇంకా కంగారుగా కనిపిస్తే మరొకటి తీసేయండి. జూ, సబ్‌మెరైన్ ఈ దశలోనే పోతాయి, పోనివ్వండి.

3. కథ తయారు చేయండి

అసలు పని ఇదే. ముందురోజు రాత్రి అరగంట చాలు. కిందిది ఒక నమూనా, మీకు నచ్చినట్టు మార్చుకోండి.

*సముద్రరాజు కూతురి మెడలోని ముత్యం పోయింది. దాన్ని ఎత్తుకుపోయిన మాంత్రికుడు ఈ కొండ మీద ఐదు ప్రశ్నలు విడిచిపెట్టాడు. అయిదింటికీ జవాబు దొరికితే, సాయంత్రం ముత్యాన్ని సముద్రమే పైకి పంపుతుంది.*

ఆ ముత్యం ఏమిటో మీకు అర్థమయ్యే ఉంటుంది. పిల్లలకు మాత్రం చెప్పకండి. పౌర్ణమి దగ్గర్లో లేని రోజయితే దక్షిణాన డాల్ఫిన్స్ నోస్ కొండ మీది లైట్‌హౌసు వెలుగును ముత్యం చేయండి. చీకటి పడ్డాక అది మెరుస్తూ ఆగుతూ ఉంటుంది. మాంత్రికుడు దాన్ని గుప్పిట్లో మూసి తెరుస్తున్నాడని చెబితే సరిపోతుంది.

కాగితాల మీద రాసి కవరులో పెట్టుకోవలసిన ఐదు ప్రశ్నలు:

- సముద్రంలోకి ముక్కు చాచి పడుకున్న కొండ ఎటువైపుంది?
- ఈ నిమిషంలో సముద్రం మీద ఎన్ని ఓడలు కనిపిస్తున్నాయి? (రేవులో చోటు కోసం ఓడలు దూరాన లంగరు వేసి ఉంటాయి, మబ్బు లేకపోతే బాగా కనిపిస్తాయి.)
- పూల మధ్య ఉన్న గడియారం నడుస్తోందా, నిద్రపోతోందా?
- బొమ్మ రైలు కదిలినప్పుడు సముద్రం మీ ఏ చేతివైపు ఉంది? మళ్లీ ఆగేటప్పుడు?
- శివపార్వతులు కూర్చున్న చోటికి ఎన్ని అడుగుల దూరం నుంచి వాళ్ల ముఖాలు స్పష్టంగా కనిపించాయి? మీ అడుగులతో కొలవండి.

ప్రశ్నలన్నీ చూసి చెప్పేవే కావడం గమనించండి. వస్తువులు దాచి వెతికించే ఆట ఇక్కడ వద్దు. మీరు దాచిన చీటీ ఊడ్చేవాళ్లకు చెత్త, వెతికే పిల్లవాడికి పొదల్లోకి, వాలుల్లోకి దిగడానికి సాకు. పూలు కోయించే, రాళ్లు దొర్లించే ప్రశ్నలూ వద్దు.

వయసును బట్టి మార్పులు చేసుకోండి. ఐదేళ్లలోపు వాళ్లకు ప్రశ్న బదులు బొమ్మ గీసి ఇవ్వండి. ఆరు నుంచి పదేళ్లవాళ్లకు ఈ ప్రశ్నలు అలాగే సరిపోతాయి. పదకొండు దాటినవాళ్లు “ఇదంతా చిన్నపిల్లల ఆట” అంటారు. వాళ్లనే మాంత్రికుణ్ని చేయండి, కవరు వాళ్ల చేతికిచ్చి తర్వాతి ప్రశ్న ఎప్పుడు బయటపెట్టాలో వాళ్లకే వదిలేయండి. ముఖం చిట్లించినవాళ్లే పది నిమిషాల్లో గొంతు మార్చి మాట్లాడడం మొదలుపెడతారు. కథ చెప్పడం అమ్మమ్మకో తాతయ్యకో అప్పగిస్తే ఇంకా మంచిది. నడవలేనివాళ్లకు ఒకచోట కూర్చుని చేసే పని దొరుకుతుంది, పిల్లలు ప్రతి జవాబుకూ వాళ్ల దగ్గరికే పరుగెత్తుకొస్తారు.

నిజమైన సంగతి ఒకటి కథలో కలపండి. 2020 అక్టోబరులో వాయుగుండం ధాటికి బంగ్లాదేశ్‌కు చెందిన ఒక సరకు నౌక ఈ కొండ కింది తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డుకు కొట్టుకొచ్చి చిక్కుకుపోయింది. మాంత్రికుడు ఏ నౌకలో వచ్చాడని పిల్లలు అడగక మానరు. జవాబు సిద్ధంగా ఉంటుంది.

4. భోజనం సర్దండి

పైన తినుబండారాలు దొరుకుతాయి, అయినా మధ్యాహ్న భోజనం ఇంటినుంచే తీసుకెళ్లండి. ఆకలితో ఉన్న పిల్లలకు దుకాణం దగ్గర క్యూ ఒక శిక్ష.

చింతపండు పులిహోరకు మించింది లేదు. పులుసు రాత్రే ఉడికించి పెట్టుకుని, అన్నం మాత్రం తెల్లవారుజామున వండండి. అన్నాన్ని పళ్లెంలో పరచి పూర్తిగా ఆరాక కలిపి డబ్బాలో పెట్టండి. వేడి మీద మూత పెడితే ఆవిరి పట్టి మధ్యాహ్నానికి జిగురొస్తుంది. దద్దోజనం చేసేవాళ్లు అంతా పెరుగే పోస్తే ఎండకు పులిసిపోతుంది. గోరువెచ్చటి మెత్తని అన్నంలో పాలు పోసి, ఒక్క చెంచాడు పెరుగు కలపండి. తినే వేళకు అదే తోడుకుంటుంది. దానికి కాస్త ఊరగాయ.

కోడిగుడ్డు, మాంసం, కొబ్బరి పచ్చడి ఆ రోజుకు వద్దు. డబ్బా తెరవగానే వాసన తేడాగా ఉన్నా, అన్నం తీగలు సాగినా రుచి చూసి తేల్చుకునే పని పెట్టుకోవద్దు, పారేయండి.

సాయంత్రానికి చెగోడీలు, వేయించిన పల్లీలు ఉంచుకోండి. కిందికి దిగాక బీచ్ రోడ్డు మీద ముంత మసాలా ఎలాగూ తప్పదు, దానికి కడుపులో చోటు ఉంచండి.

5. ఇంటి గడప దాటేముందు

రోప్‌వే, బొమ్మ రైలు ఆ రోజు నడుస్తున్నాయో లేదో తెలుసుకోండి. మరమ్మతులు ఉండవచ్చు. గాలి బలంగా ఉన్నా, వాన పడుతున్నా రోప్‌వే ఆపుతారు. కొండ నిర్వహణ విశాఖ నగరాభివృద్ధి సంస్థ వీఎంఆర్‌డీఏది, వివరాలు వాళ్ల దగ్గరే తీసుకోండి. రెండేళ్ల కిందట ఎవరో చెప్పిన టికెట్ ధరతో లెక్క వేసుకోకండి.

బయలుదేరేటప్పుడు పిల్లలందరినీ నిలబెట్టి ఒక ఫొటో తీయండి. తప్పిపోతే “నీలం చొక్కానా, ఆకుపచ్చదా” అని తడుముకునే పని ఉండదు. మీ ఫోను నంబరు పిల్లల ముంజేతి లోపలివైపు బాల్‌పెన్‌తో రాయండి. పేరు మాత్రం పైకి కనిపించేలా రాయవద్దు. పేరు పెట్టి పిలిచే కొత్త మనిషిని పిల్లలు తెలిసినవాళ్లే అనుకుంటారు.

పిల్లలకు ఒకే నియమం చెప్పండి: మేం కనబడకపోతే ఉన్నచోటే ఆగు, టికెట్ కౌంటరులో ఉన్నవాళ్లకో, పిల్లలతో వచ్చిన ఒక అమ్మకో చెప్పు. సరిచూసుకోవడానికి దారిలో ఒకసారి తిరిగి అడగండి. వాళ్ల మాటల్లో చెప్పగలిగితే అర్థమైనట్టు. అత్యవసరానికి 112, అంబులెన్సుకు 108, పిల్లల సహాయానికి 1098.

6. కొండెక్కడం

మూడు దారులు: ఘాట్ రోడ్డు, రోప్‌వే, మెట్లు. నడివయసువాళ్లు మెట్లెక్కి చూపించాలనుకుంటే వేరే రోజు చూపించవచ్చు.

కథ కోసం రోప్‌వే ఎక్కండి, అది ఎగిరే రథం. టికెట్టు ఒకవైపుకా, రెండువైపులకా అడిగి తీసుకోండి. చివరి ట్రిప్పు ఎన్నింటికో అప్పుడే కనుక్కోండి. పైకి వెళ్లి ఉత్సాహంలో మరచిపోయి, చీకట్లో కింద ఉన్న కారుకోసం ఆటో బేరమాడేవాళ్లు ప్రతి సెలవు రోజూ కనిపిస్తారు. పెట్టెలో ఫోనును కిటికీ బయటకు పెట్టనివ్వకండి. ఎత్తు అంటే భయపడే పిల్లలను ధైర్యం పేరుతో తోయవద్దు. ఒకరు వాళ్లతో రోడ్డు మార్గాన రండి, కథలో వాళ్లు గుర్రపు దళం.

ఘాట్ రోడ్డు మలుపుల్లో వాంతులయ్యే పిల్లలుంటే బయలుదేరే ముందు గ్లాసెడు పాలు పట్టించకండి. ఫోను చేతికివ్వకండి, ముందుకు చూస్తూ కూర్చోబెట్టండి.

7. పైకి చేరాక

మొదట మరుగుదొడ్డి, తర్వాత ఏదైనా. క్యూ సగంలో ఉండగా “అమ్మా...” అన్న పిలుపు రాకుండా ఇదొక్కటే మందు.

తర్వాత శివపార్వతుల విగ్రహం దగ్గరికి వెళ్లి, తప్పిపోతే పెద్దవాళ్లు కలుసుకునే చోటు ఇదేనని తేల్చుకోండి. ఎటునుంచైనా కనిపిస్తుంది, ఎవరిని అడిగినా చూపిస్తారు. కవరు అక్కడ తెరవండి.

బొమ్మ రైలును జనం పెరగకముందే ఎక్కండి. చేతులు, తలలు లోపలే. కదిలే బండి ఎక్కడం, దిగడం సరదాకు కూడా వద్దు. రైలు చుట్టు పూర్తయ్యేసరికి కొండ ఆనవాళ్లు పిల్లలకు తెలిసిపోతాయి, మిగతా ప్రశ్నలు నడిచి తీర్చుకోవచ్చు.

ఆటస్థలంలో జారుడుబల్ల, ఇనుప నిచ్చెన ఎక్కించేముందు మీ చేతి వెనకభాగం ఐదు సెకన్లు ఆనించి చూడండి. మీరు ఉంచలేకపోతే పిల్లల తొడలు కాలుతాయి. ఎండ తీవ్రత తెలుసుకోవడానికి ఇంకో ఉపాయం నీడ. మీ నీడ మీకంటే పొట్టిగా ఉంటే ఆటలు చెట్టు కిందే.

వ్యూ పాయింట్ల దగ్గర ఒక్క విషయంలో కఠినంగా ఉండండి: కంచె మీద కూర్చోబెట్టి ఫొటో తీయడం లేదు. గాజు వంతెన ఎక్కాలనుకుంటే పిల్లలకున్న నిబంధనలు ప్రవేశం దగ్గర అడగండి. ఫొటోలకు మధ్యాహ్నం తర్వాత సమయం మంచిది. ఉదయం సముద్రంవైపు చూస్తే సూర్యుడు ఎదురుగా ఉండి ముఖాలు నల్లగా వస్తాయి. మూడు దాటాక వెలుగు వెనకనుంచి పడి నీళ్లు నీలంగా కనిపిస్తాయి.

8. మధ్యాహ్నం ఆపండి

పన్నెండున్నరకల్లా చాప పరిచేయండి. భోజనం, కునుకు, ఊరికే కూర్చోవడం కలిపి రెండు గంటలు. చాలామంది ఈ రెండు గంటలను వృథా అనుకుని ఇంకో చోటుకు పరుగెడతారు. సాయంత్రం పిల్లలు ఏడ్చేది ఈ నిద్ర పోగొట్టుకున్నందుకే.

సీసాలు చూడండి. మధ్యాహ్నానికి సగం ఖాళీ కాకపోతే నీళ్లు సరిగా తాగడం లేదని అర్థం. మూత్రం ముదురు పసుపైతే వెంటనే ఓఆర్ఎస్ కలపండి. లీటరు పొట్లాన్ని లీటరు నీళ్లలోనే కలపాలి. గ్లాసులో కొంచెం పొడి చల్లి ఇవ్వడం పొరపాటు, ఉప్పు మోతాదు తప్పుతుంది. తలనొప్పి, వికారం ఉంటే నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లు తుడవండి. ఒళ్లు కాలిపోతూ మాటలు తికమకగా వస్తే అది వడదెబ్బ. అక్కడ ఇంటి వైద్యం లేదు, 108కి ఫోను చేసి, వాళ్లు వచ్చేదాకా చల్లబరుస్తూ ఉండండి.

9. ముత్యం, దిగుడు

డిసెంబరులో సాయంత్రం ఐదున్నరకల్లా సూర్యాస్తమయం అయిపోతుంది, జూన్‌లో ఆరున్నర దాటుతుంది. ఆ రోజు చంద్రోదయం పంచాంగంలో చూసి, అరగంట ముందు తూర్పువైపు చోటు పట్టుకోండి. అంచు దగ్గర పొగమంచు ఉంటే చంద్రుడు చెప్పిన సమయానికి కాక పది పదిహేను నిమిషాలు ఆలస్యంగా కనబడతాడు. అప్పుడు “మాంత్రికుడు ఒప్పుకోవడం లేదు, ఐదో జవాబు ఇంకోసారి గట్టిగా చెప్పండి” అనండి.

ముత్యం వచ్చాక పదిహేను నిమిషాలు. ఆ తర్వాత దిగిపోండి. పిల్లలు “ఇంకాసేపు” అన్నప్పుడే బయలుదేరాలి. “ఎప్పుడు వెళ్దాం” అనేదాకా ఆగితే ఆలస్యమైనట్టే. దిగేముందు తలలు, సంచులు, చెత్త సంచి లెక్కపెట్టండి.

వాన వస్తే, రోప్‌వే మూసేస్తే

కొండ పట్టుకుని వేలాడవద్దు. ఆర్కే బీచ్ దగ్గరి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియంకు కథను మార్చుకోండి. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ ముగించిన జలాంతర్గామి అది. సముద్రరాజు కోట అదే అనండి. లోపల దారులు ఇరుకు, గడపలు ఎత్తు కాబట్టి మోకాళ్ల నొప్పులవాళ్లు రోడ్డుకు అటువైపు ప్రదర్శనకు పెట్టిన పాత నౌకాదళ విమానం టీయూ-142 దగ్గర ఉంటే మంచిది. వాన లేకుండా రోప్‌వే మాత్రమే మూసేస్తే ఎండాడ దగ్గరి జూ ఉంది, 1977 నాటి ఆ పార్కు 625 ఎకరాలది, దానికే ఒక రోజు కావాలి. కురుసుర, జూ రెండూ సోమవారం సెలవు. అందుకే సోమవారం కైలాసగిరి పెట్టుకునేవాళ్లకు ప్రత్యామ్నాయం చేతిలో ఉండదు, మంగళవారం చూసుకోండి.

బాగా జరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

ఆ రాత్రి అడగకండి, అలసిపోయి ఉంటారు. మూడురోజులాగి, ఊళ్లో ఉన్న నానమ్మకో పిన్నికో ఫోను చేయించి పిల్లలను చెప్పనివ్వండి, మధ్యలో అందించకండి. ముత్యం, ఓడల లెక్క, రైలు ముందొస్తే పథకం పనిచేసినట్టు. ఐస్‌క్రీం, క్యూ, ఎవరో తిట్టడం ముందొస్తే వచ్చేసారికి ఇంకో అంశం తగ్గించండి. మాంత్రికుడి కవరు పారేయకండి. అదే కొండకు మళ్లీ వెళ్లినా, ప్రశ్నలు ఈసారి పిల్లలనే రాయమనండి.